జాకీ లేపడానికే, మోయడానికి కాదు



ఈసారి విత్తనాల గురించి కాదు, మందుల గురించి కాదు, వడ్ల రేటు గురించి కూడా కాదు. జాకీ గురించి రాస్తున్నా. "జాకీ గురించి రాసుడేంది?" అని నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. కోతలు దగ్గరపడ్డాయి. ట్రాలీలన్నీ బయటికి తీసి టైర్లు, బేరింగులు చూసుకునే టైం ఇది. ఇప్పుడు చెప్పకపోతే తర్వాత చెప్పి లాభం లేదు.

నా మాట ముందే చెప్పేస్తా. మన ఊళ్లల్లో ఇంటి దగ్గర బండి లేపి రిపేరు చేసుకునే పద్ధతి తప్పు. ఒక జాకీ, దాని కింద ఒక ఇటుక, పైన బండి, బండి కింద మనిషి. దీన్ని మనం ధైర్యం అనుకుంటున్నాం. ఇది ధైర్యం కాదు, బద్ధకం. ఎక్కువసార్లు పక్కోడి ప్రాణంతో ఆడే జూదం.

ఇంత గట్టిగా మాట్లాడే హక్కు నాకెక్కడిది అంటారా? నేను ఆ తప్పు చేసినోణ్ని కాబట్టి.

మూడేండ్ల కింద యాసంగి వడ్లు కల్లంలో ఉన్నాయి. రాత్రి ఒక జల్లు పడ్డది, పొద్దున మళ్లీ మబ్బు పట్టింది. వడ్లు సెంటర్‌కు తోలాలె. ట్రాలీ సగం నింపినాక చూస్తే ఒక చక్రం ఊగుతోంది, హబ్బులో బేరింగ్ మోత వస్తోంది. మా డ్రైవర్ పిల్లగాడు "అన్నా, బస్తాలు దింపి చేద్దామా?" అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "ఎందుకు తమ్మీ, రెండు నిమిషాల పని, కానీయ్" అన్నా. జాకీ ఇరుసు కింద పెట్టాం. అందకపోతే జాకీ కింద ఇటుక పెట్టాం. ఇటుక కింద రాత్రి నానిన నల్లరేగడి. చక్రం ఊడదీసి లోపలికి వంగాడు. ఇటుక ఒక పక్కకు దిగింది, జాకీ వంగింది, ట్రాలీ కూలబడ్డది. శబ్దం వచ్చేసరికి అంతా అయిపోయింది.

ప్రాణం పోలేదు. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు. ఎడమ కాలు అంటే క్లచ్ తొక్కే కాలు. ఇప్పుడు గంట నడిపితే కాలు వాస్తది, దమ్ము సీజన్లో పొద్దంతా నడపలేడు. నాకంటే మంచిగా సాళ్లు తోలిన పిల్లగాడు, ఇవాళ వేరేవాళ్ల మేకల వెంట తిరుగుతున్నాడు.

దవాఖాన ఖర్చు నేనే పెట్టుకున్నా. ఊళ్లో అందరూ "మంచోడు, డ్రైవర్‌ను వదిలిపెట్టలే" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సిగ్గేస్తది. నేను మంచోణ్ని అయితే ముందే రెండు స్టాండ్లు కొనేవాణ్ని.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. జాకీ మీద మనకున్న నమ్మకం ఎంత గుడ్డిదో చూడండి.

మన దగ్గర ఎక్కువగా ఉండేది బాటిల్ జాకీ. లోపల నూనె, ఆ నూనెను ఆపేది చిన్న రబ్బరు సీలు. అంటే ఇరుసు మీదున్న టన్నుల బరువు మొత్తం వేలెడంత రబ్బరు మీద ఉన్నట్టు. సీలు అరిగితే జాకీ మెల్లగా దిగొచ్చు, ఒక్కసారే దిగొచ్చు. నీకు చెప్పి దిగదు. "నాది స్క్రూ జాకీ, నూనె లేదు, కారదు" అంటారు కొందరు. నిజమే, కారదు. కానీ పక్కకు పడిపోతది. జాకీ మీద 5 టన్నులు అని రాసి ఉంటది చూడండి, అది గట్టి నేల మీద నిటారుగా నిలబెట్టినప్పటి లెక్క. జాకీ కొంచెం వంగితే, బండి అర అడుగు ముందుకో వెనక్కో కదిలితే ఆ 5 టన్నుల రాత మనల్ని కాపాడదు.

జాకీ చేసినోళ్లు కూడా దాని మీద బండి ఉంచి కిందకి పోవద్దనే చెప్తారు. డబ్బాలో వచ్చే కాయితం ఎవరు చదువుతున్నారు? ఆ కాయితం చింపి గ్రీజు తుడుచుకునేటోళ్లం మనం.

ఇక ఇటుక. గోడలో ఇటుక బలంగా ఉంటది, ఎందుకంటే బరువు దాని మీద పరుచుకుని పడుతది. జాకీ అడుగు అరచేయంత ఉంటది. ఆ బరువంతా ఒక్క చోట పడితే ఇటుక పగులుతది. సిమెంటు బ్రిక్కు అయితే ఇంకా ప్రమాదం, లోపల బోలు ఉన్నదైతే మరీను. ముందు బీట కూడా కనిపించదు, ఒకేసారి పిండి అయితది. గుండ్రాయి పెడతారు కొందరు, అది జారుతది. పెట్టాలంటే తుమ్మ మొద్దులు ఉన్నాయి కదా మన దగ్గర! రెండు అడ్డం, రెండు నిలువు, గూడు కట్టినట్టు పేర్చండి. కర్ర విరిగే ముందు చిటపట అంటది, ఇటుక అనదు.

ఇంకో మాట వింటుంటా. "గేర్ల పెట్టిన, బండి యాడికీ పోదు." ఇది పెద్ద భ్రమ. ట్రాక్టర్ వెనక చక్రం ఒకటి లేపినప్పుడు, గాలిలో ఉన్న చక్రం ఉల్టా తిరిగితే నేల మీదున్న చక్రం దొర్లొచ్చు. డిఫరెన్షియల్ పని చేసే తీరే అది. గేర్ వేసి ఉన్నా బండిని పూర్తిగా ఆపదు. కారుకు, గూడ్స్ ఆటోకు హ్యాండ్ బ్రేక్ ఎక్కువ బండ్లల్లో వెనక చక్రాలకే ఉంటది. వెనక చక్రాలు లేపి హ్యాండ్ బ్రేక్ వేశానంటే ఏం లాభం? నేల మీద మిగిలినవి ముందు చక్రాలు, వాటికి బ్రేకే లేదు. అందుకే నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా మొద్దులు పెట్టాలి. గేరూ, హ్యాండ్ బ్రేకూ ఆ తర్వాత.

ట్రాక్టర్‌కు ఇంకో తిరకాసు ఉంది. ముందు ఇరుసు నడిమధ్య ఒక పిన్ను మీద ఊగుతది, గుంటల్లో నడవడానికి అట్లా చేశారు. వెనక ఒక పక్క లేపితే ముందు భాగం బాడీని నిటారుగా పట్టుకోదు, ఊగనిస్తది. అందుకే వెనక లేపే ముందు ముందు ఇరుసుకూ బాడీకీ మధ్య రెండు పక్కలా చెక్క మేకులు దిగ్గొట్టాలి. ఎంతమంది చేస్తున్నాం? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఇదే జబ్బు ఇంకో రెండు చోట్ల ఉంది. రోటవేటర్‌ను లిఫ్టు మీద లేపి, కింద కూర్చుని బ్లేడ్లు మార్చడం ఒకటి. టిప్పర్ ట్రాలీ డబ్బా పైకి లేపి, కిందకి దూరి గ్రీజు కొట్టడం ఇంకోటి. రెండిట్లోనూ పైనున్న బరువును పట్టుకున్నది నూనే. పైపు పగిలినా, ఇంట్లో పిల్లగాడు ఆడుకుంటూ లీవరు ముట్టుకున్నా డబ్బా కిందికే వస్తది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. నూనె పట్టుకున్న బరువు కిందకి పోవద్దు. ఇనుమో, కర్రో పట్టుకున్న బరువు కిందకే పోవాలి.

ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్లో చూపిస్తున్నారు, కారును మొత్తం లేపే పోర్టబుల్ లిఫ్టులు వచ్చాయని. "కాకా, ఒకటి తెప్పిద్దాం, అన్ని బండ్లకూ పనికొస్తది" అన్నాడు మా అన్న కొడుకు. నేను దానికి వ్యతిరేకం కాదు. కానీ అవి సమతలంగా ఉన్న గట్టి కాంక్రీటు మీద పెట్టేవి. మన వాకిట్లో పేడ అలికిన మట్టి మీద పెట్టేవి కావు. వాటికి బరువు లెక్క ఉంటది. చిన్న కారు ఇంచుమించు టన్ను లోపలే ఉంటది, మన 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్ రెండు టన్నుల దాకా ఉంటది, అందులో ఎక్కువ బరువు వెనకే. కారు కోసం చేసింది ట్రాక్టర్‌కు పెడితే అది లిఫ్టు కాదు, బోను. ఇంకోటి, మంచి లిఫ్టుకు లేపినాక లాక్ పడే ఏర్పాటు ఉంటది. లాక్ పడిందని కంటితో చూసి, బరువు ఆ లాక్ మీదికి దింపినాకే కిందకి పోవాలి. అక్కడ కూడా మాట అదే, నూనె మీద కాదు, ఇనుము మీద.

మీరు చెప్పే జవాబులు నాకు తెలుసు. నేనూ అవే చెప్పేవాణ్ని.

"మా తాతల కాలం నుంచి ఇట్లనే చేస్తున్నం." అబద్ధం. మా తాత ఎడ్లబండికి కందెన వేసేటప్పుడు ఇరుసు కింద మొద్దు పెట్టకుండా చక్రం ఊడదీయడం నేను ఎన్నడూ చూడలేదు. చదువు రాని మనిషి, కానీ బరువంటే భయం ఉండేది. ఆ భయం మనకే పోయింది.

"పైసలు యాడియి?" మొన్న నేను కొన్న స్టాండ్ల జత రెండు వేల చిల్లర. ట్రాక్టర్‌కు డెక్కు, స్పీకర్లు పెట్టించడానికి అంతకు మూడింతలు పెట్టినోళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. పాటకు ఉన్న పైసలు పానానికి లేవా? ఒక్కడు కొనలేకపోతే వాడకట్టుకు ఒక జత కొనండి. పెళ్లికి షామియానా అడుక్కొచ్చుకోవట్లేదా, ఇదీ అంతే.

"టైం లేదు." నేను లెక్క చూసుకున్నా. చక్రాలకు మొద్దులు, స్టాండు పెట్టడం అంతా కలిపి ఐదు నిమిషాలు. ఆ రోజు ఐదు నిమిషాలు మిగిల్చుకున్నా, తర్వాత దవాఖాన వరండాలో ఇరవై రోజులు కూర్చున్నా.

"రాసిపెట్టి ఉంటే ఎట్లైనా అయితది." ఈ మాట అనేటోళ్లను ఒక్కటి అడుగుతా. కింద పడుకున్నది నువ్వా, నీ డ్రైవరా? ఎక్కువసార్లు కిందకి దూరేది ఓనరు కాదు. ఓనరు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడుతుంటాడు. దూరేది డ్రైవరు, లేకపోతే వాని వెంట వచ్చిన పదహారేండ్ల పిల్లగాడు. 2018లో మొదలైన రైతు బీమా 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టా ఉన్న రైతుకు. రైతు పోతే ఇంటోళ్లకు 5 లక్షలు. గుంట భూమి లేని డ్రైవరు పోతే? వాని ఇంటికి ఆ బీమా రాదు. వానికి బీమా ఆ స్టాండు ఒక్కటే. అది కొనాల్సింది బండి ఓనరు.

సరే, తిట్టడం అయింది. చేయాల్సింది రాస్తున్నా, షెడ్డు గోడకు అంటించుకోండి.

– ముందు బరువు దింపండి. బస్తాలతో బండి లేపొద్దు.
– గట్టి, సమంగా ఉన్న నేల చూసుకోండి. మట్టి అయితే జాకీ కిందా, స్టాండు కిందా మందపాటి వెడల్పు చెక్క వేయండి.
– ఇంజన్ ఆపి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి.
– రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టర్ నుంచి విప్పి లేపొద్దు.
– నేల మీదుండే చక్రాలకు రెండు వైపులా మొద్దులు పెట్టండి.
– నట్లు బండి నేల మీద ఉన్నప్పుడే వదులు చేయండి. లేపినాక పానా మీద ఎక్కి తొక్కితే బండి ఊగుతది.
– కారైతే కంపెనీ గుర్తు పెట్టిన చోటే జాకీ పెట్టండి. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే, కిందకి దూరడానికి కాదు.
– లేపగానే స్టాండు పెట్టి, జాకీ వదులు చేసి బరువు స్టాండు మీదికి దింపండి. ఒకసారి బండిని ఊపి చూడండి. ఊగితే మళ్లీ మొదటి నుంచి.
– ఊడదీసిన చక్రాన్ని బండి కిందకి తోయండి. అన్నీ తప్పినా అది ఆపుతది.
– పిల్లలు, పశువులు దగ్గరికి రాకుండా ఒక మనిషి బయట ఉండాలి.

నిన్న ఆ పిల్లగాడు మా ఇంటి ముందు నుంచి మేకలు తోలుకుపోతూ ఆగాడు. షెడ్డులో కొత్త స్టాండ్లు చూశాడు. "మంచిగున్నయ్ అన్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అంటే బాగుండు, తిడితే ఇంకా బాగుండు.

ఇది చదివినాక ఫోన్ పక్కన పెట్టి షెడ్డులోకి పోయి చూడండి. జాకీ ఉంటది, అది నాకు తెలుసు. దాని పక్కన స్టాండు ఉందా? లేకపోతే, కొనేదాకా మీ బండి కిందకి ఎవ్వరినీ పంపకండి.