అడ్వాన్సు తిన్నంత మాత్రాన అమ్ముడుపోయినట్టా?

ఇటుక బట్టీలకో, బాతులు మేపడానికో పోయి ఇరుక్కున్న మన యానాది కుటుంబాల మాట ఎత్తితే, మనోళ్లే కొందరు "అడ్వాన్సు తిన్నారు కదా, తీర్చి రావాలి" అంటున్నారు. మేస్త్రీ అనే మాట అది. మనం అనడమేంటి?

1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తేటగానే ఉంది. అడ్వాన్సు చూపించి మనిషిని కట్టిపడేసి పని చేయిస్తే ఆ బాకీ రద్దు. రద్దయిన బాకీని వసూలు చేసినవాడికి 3 ఏళ్ల దాకా జైలు. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది యజమానే, కూలి కాదు.

కానీ చాలాసార్లు ఏం జరుగుతుంది? ఆఫీసర్లు వస్తారు, రాజీ చేస్తారు, ఆటో ఎక్కించి ఊరికి పంపేస్తారు. విడుదల పత్రం ఇవ్వరు. పత్రం లేకపోతే తక్షణ సాయం కింద 30 వేల దాకా రావాల్సిన డబ్బూ రాదు. ఇంట్లో గింజలుండవు. నెల తిరక్కుండా మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికే.

ఇదే చట్టం కింద జిల్లాకీ, డివిజన్‌కీ విజిలెన్స్ కమిటీలు ఉండాలి. ఒక్కో కమిటీలో ఎస్సీ, ఎస్టీలు ముగ్గురు ఉండి తీరాలి. మన జిల్లాలో ఆ ముగ్గురూ ఎవరు? నాకైతే తెలీదు, మీలో ఎవరికైనా తెలుసా? సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికి ఇదే అర్జీ పెడుతున్నా. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.