ఊపిరికీ ఓ లెక్కుంది!

కొత్తపేట అంటే ఒకప్పుడు బత్తాయిల రాశులు, మామిడిపండ్ల వాసన. ఆ పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలోనే వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఏ ఆసుపత్రిలోనైనా ఐసీయూ తలుపు బయట వినిపించే ప్రశ్న ఒక్కటే... 'వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఆశ లేనట్టేనా?'

అలాగని ఏమీ లేదు. జబ్బు తగ్గించేది మందులు. అవి పనిచేసేదాకా ఊపిరి నిలబెట్టేది వెంటిలేటర్. అయితే దాని ఒత్తిడిని ఎంతలో ఉంచాలన్నదే అసలు విద్య!

మామూలుగా మనం శ్వాస తీసుకున్నప్పుడు ఛాతీ విప్పారుతుంది, లోపల ఒత్తిడి తగ్గుతుంది. గాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఒంట్లోని రక్తం కూడా అదే ఊపులో గుండెకు చేరుతుంది. వెంటిలేటర్ తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. అది గాలిని లోపలికి నెడుతుంది. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. వెంటిలేటర్ పెట్టగానే కొందరికి బీపీ పడిపోవడానికి ఇదో కారణం. అప్పుడు వైద్యులు సెలైన్, బీపీ నిలబెట్టే మందులు ఇస్తారు. లేదంటే ఒత్తిడి తగ్గిస్తారు.

మరి తక్కువే పెడితే పోలా? అదీ కుదరదు. జబ్బుపడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు ముడుచుకుపోతాయి. వాటి పక్కనుంచి వెళ్లే రక్తానికి ఆక్సిజన్ అందదు. అందుకే శ్వాస వదిలాక కూడా కొంత ఒత్తిడి మిగిలేలా చూస్తారు. దాని పేరే 'పీప్'. తరచూ 5 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెడతారు. గ్లాసు నీళ్లలో స్ట్రాను 5 సెంటీమీటర్ల లోతున ముంచి ఊదండి. బుడగ రావడానికి ఎంత బలం కావాలో అంతే! అదే మరీ ఎక్కువైతే గాలి గదులు సాగి, చుట్టూ ఉన్న సన్నని రక్తనాళాలను నొక్కేస్తాయి. గాలి ఉన్నచోట రక్తం ఉండదు!

ఈ లెక్క ఎంత విలువైనదో 2000లో అమెరికాలో 861 మందిపై జరిగిన అధ్యయనం తేల్చింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఒక్కో శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి ఇస్తే సుమారు 40 శాతం మంది చనిపోయారు. 6 మిల్లీలీటర్లతో సరిపెట్టినవారిలో అది 31 శాతమే! ఇక్కడ కిలోలంటే తూకంలో చూపే బరువు కాదు, ఎత్తును బట్టి కట్టిన లెక్క. ఒళ్లు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా!

అందుకే ఐసీయూలో ఆ అంకెలు గంటగంటకూ మారుతుంటాయి. 'ఈరోజు ఒత్తిడి తగ్గించాం, ఆక్సిజన్ కూడా తగ్గించాం' అని డాక్టర్ చెబితే బయట కూర్చున్నవాళ్లు కాస్త ధైర్యం తెచ్చుకోవచ్చు. లోపలి మనిషి తన ఊపిరి తాను తీసుకునే దిశగా ఓ అడుగు వేసినట్టే!