తలనొప్పికి కూడా సెలవా?

జ్వరం అని ఆఫీసుకు ఫోన్ చేస్తే “రెస్ట్ తీసుకోండి” అంటారు. కాలు విరిగిందంటే ఇంటికొచ్చి మరీ చూసి వెళ్తారు. అదే తలనొప్పి అని చెప్పి చూడండి. “దానికి కూడా సెలవా? ఓ మాత్ర వేసుకుని వచ్చేయండి” అంటారు. మనమూ మాత్ర వేసుకుని, నుదుటికి ఇంత బామ్ రాసుకుని వెళ్లిపోతాం. నేనూ ఏళ్లుగా అలా వెళ్తున్నదాన్నే. నాది మైగ్రేన్. పెద్దవాళ్ల మాటలో పార్శ్వపు నొప్పి.

తలనొప్పి చుట్టూ తిరిగే డబ్బు తక్కువేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ సంపాదనే 1908లో పుట్టిన ఆంధ్రపత్రికకు అండ అయింది. బామ్ సీసాల లెక్క అలా పైకి కనిపిస్తుంది. నొప్పి వల్ల పోయే పని లెక్కే ఎవరి కంటా పడదు.

యూరప్‌లో ఆ లెక్క వేశారు. 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం తలనొప్పుల వల్ల అక్కడ ఏటా పడే భారం సుమారు 17,300 కోట్ల యూరోలు. అందులో 93 శాతం డాక్టరు ఫీజులూ మందుల ఖర్చూ కాదు. పనికి రాలేక, వచ్చినా సరిగా చేయలేక పోయిన సొమ్ము. మనకెందుకులే అనుకోకండి. కర్ణాటకలో నిమ్హాన్స్ పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి అడిగితే, పెద్దవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు ఆ ఏడాది మైగ్రేన్‌తో బాధపడ్డట్టు తేలింది.

మరి ఇంత నష్టం ఎందుకు కనబడదంటే, అది ముక్కలు ముక్కలుగా పోతుంది కాబట్టి. నెలకు మూడుసార్లు నొప్పి వచ్చి, వచ్చిన రోజున సగం పనే అయిందనుకోండి. ఏడాదికి 18 పనిదినాలు గల్లంతు. రిజిస్టర్‌లో మాత్రం అన్ని రోజులూ హాజరే! నెల జీతం వాళ్లకు అది పేరుకుపోయిన పని, పైవాళ్ల చీవాట్లు. బీడీలు చుట్టే ఆమెకు మాత్రం అచ్చంగా కూలి డబ్బే. 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో జబ్బు చేసిన మొదటి రెండు రోజులకు మామూలుగా భృతి లేదు. ఒక్క పూటలో వచ్చిపోయే నొప్పికి ఇక అందులో చోటెక్కడ?

పని పోకూడదని మింగే మాత్రలతో ఇంకో చిక్కు. మామూలు నొప్పి మాత్రలే అయినా నెలకు 15 రోజులు, ఆపైన, మూడు నెలలకు మించి వాడితే అవే కొత్త తలనొప్పి తెచ్చిపెడతాయి.

డాక్టర్లు వాడే మిడాస్ అనే ప్రశ్నావళి ఉంది. ఐదే ప్రశ్నలు. గత మూడు నెలల్లో ఎన్ని రోజులు పని మానేశారు, ఎన్ని రోజులు పని సగానికి పడిపోయింది అని అడుగుతుంది. ఇంటిపని గురించీ విడిగా అడుగుతుంది. నాకు అది భలే నచ్చింది. వంటింట్లో సెలవు అడుగుదామన్నా ఇచ్చేవాళ్లు ఉండరు కదా! మొత్తం 21 రోజులు, అంతకు మించి వస్తే సమస్య తీవ్రమైనదే.

అందుకే పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే తలనొప్పి రోజులు కూడా రాయండి. మాత్ర వేసుకున్న రోజు పక్కన ఇంకో గీత పెట్టండి. మూడు నెలలయ్యాక ఆ కాగితాలు పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. “అప్పుడప్పుడూ వస్తుందండీ” అని చెప్పడం కన్నా అది ఎంతో నయం.