మూడ్రోజుల అడవి నడక... ముందు నీళ్ల లెక్క!

'అమ్మా, ఈసారి శివరాత్రికి నల్లమల గుండా నడిచి శ్రీశైలం వెళ్తున్నాం. మూడ్రోజులు!'

హయత్‌నగర్‌లో ఏ కాలనీ ఇంట్లోనైనా కొడుకు ఈ మాట అన్నాడనుకోండి. అమ్మ అడిగే ప్రశ్నలేంటో అందరికీ తెలుసు. తాగడానికి నీళ్లెక్కడ దొరుకుతాయ్? రాత్రి ఎక్కడ పడుకుంటారు? తోడెవరు? ఎప్పటికి తిరిగొస్తారు? కొడుక్కి విసుగొస్తుంది. కానీ కొండల్లో, అడవుల్లో రోజుల తరబడి నడిచే అలవాటున్నవాళ్లు బయల్దేరేముందు కాగితం మీద రాసుకునేవి సరిగ్గా ఇవే. బూట్లూ బ్యాగులూ ఆ తర్వాత!

ఈ దారి కొత్తదేం కాదు. నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట నలభై కిలోమీటర్ల పైమాటే. పధ్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు, నాగలూటి మీదుగానే శ్రీశైలం వచ్చాడు. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చూస్తే ఒక సంగతి ముచ్చటేస్తుంది. మజిలీ మజిలీకీ దిగడానికి చోటుందా, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా... అన్నీ రాసుకుంటూ వెళ్లాడు. దాదాపు రెండొందల ఏళ్ల కిందట కూడా అమ్మ ప్రశ్నలే!

ఇప్పటికీ ఉగాదికి కన్నడ భక్తులు వేల సంఖ్యలో ఈ అడవి దాటి వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు. కొందరైతే కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు. వాళ్లను చూసి 'మనకేం కష్టం' అనుకుంటే పొరపాటే. వాళ్లలో చాలామందికి అది ఏటా అలవాటైన నడక. ఎల్‌బీనగర్ మెట్రో మెట్లెక్కడానికి ఎస్కలేటర్ వెతికే కాళ్లతో పోలికెక్కడిది?

మొదట తేలాల్సింది తేదీ. అది మన చేతిలో లేదు. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది, ఆంధ్ర వైపుది పాత పేరుతోనే ఉంది. అందుకే ఈ బాటలో అటవీశాఖ శివరాత్రి, ఉగాది రోజుల్లోనే యాత్రికులను వదులుతుంది. ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అన్నది ఆ ఏడాది ప్రకటన చూసుకోవాల్సిందే. ప్లాస్టిక్ వద్దంటారు. నిప్పు రాజేయనివ్వరు. ఎండిన గడ్డి, రాలిన ఆకు... ఒక్క బీడీ ముక్క చాలు. విదేశాల్లో బయల్దేరిన చోటికే తిరిగొచ్చేలా అడవిలో చుట్టుదారులు వేసి, ఏడాది పొడవునా నడవనిస్తారు. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోవద్దు. కాలినడకన వెళ్లడం, బస్సులో తిరిగిరావడం... అంతే. మిగతా రోజుల్లో ఆ అడవి పులులది, అక్కడే పుట్టి పెరిగిన చెంచులది.

తర్వాత టైము. స్కాట్లండ్ కొండలెక్కే విలియం నైస్మిత్ 1892లో ఓ సూత్రం చెప్పాడు. గంటకు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి ఆరొందల మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. అలా లెక్కేస్తే మన దారి కాగితం మీద ఒక్కరోజులో అయిపోతుంది. కానీ ఆయన లెక్క స్కాట్లండ్ చలిది. వీపున బరువు, నెత్తిన ఎండ, కాలికింద రాళ్ల మెట్లు ఉన్నప్పుడు గంటకు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే గొప్పే. అంటే పదహారు గంటల పైనే నడక. గట్టివాళ్లు రెండ్రోజుల్లో ముగిస్తారు. తొలిసారి వెళ్లేవాళ్లు మూడు పెట్టుకోవడం మేలు. అసలు పరీక్ష చివర్లో ఉంది. భీముని కొలను లోయలోకి దిగి, అక్కణ్నుంచి కైలాసద్వారం దాకా మెట్లెక్కాలి. అప్పటికే అలసిపోయి ఉంటారు. ఆ ఎక్కుడు మధ్యాహ్నం ఎండకో, చీకటి పడే వేళకో దొరకకుండా చూసుకోవడమే మొత్తం ప్లాన్‌కి కీలకం. రాత్రి మజిలీ పెద్దచెరువు దగ్గర చేసి, తెల్లారగానే కదిలితే కొండ చల్లబాటులో ఎక్కొచ్చు.

ఇక నీళ్లు. ఎండలో బరువుతో నడిచే మనిషికి గంటకు అరలీటరైనా కావాలి. ఎనిమిది గంటలు నడిస్తే నాలుగు లీటర్లు. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు! పండగ రోజుల్లో దారిలో నీళ్లు, అన్నదాన శిబిరాలు పెడతారు, నిజమే. వాటిని నమ్ముకుని ఖాళీ సీసాతో నడవొద్దు. నీళ్లు కనిపించిన ప్రతిచోటా కడుపునిండా తాగి, సీసా నింపుకుని కదలడమే పద్ధతి. చెరువు నీళ్లయితే కాచుకుందామంటే నిప్పు కుదరదు కాబట్టి క్లోరిన్ బిళ్లలు ఉండాల్సిందే. ఓఆర్‌ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు, చెంచా గోపురంగా కాకుండా సమంగా కొలవాలి. తలనొప్పి, వాంతి, మాట తడబాటు మొదలైతే అది వడదెబ్బ. నీడన పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, విసురుతూ వైద్య శిబిరానికి చేర్చాలి. 'ఇంకొంచెం దూరమే' అని నడిపించొద్దు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి... హయత్‌నగర్ పుట్టిందే బాటసారుల కోసమన్నట్టుంటుంది. హయత్ బక్షీ బేగం పేరుమీద వెలిసిన ఈ ఊళ్లో 17వ శతాబ్దం నాటి మసీదు చుట్టూ సరాయి గదులు, పక్కనే పెద్ద బావి ఉన్నాయి. మచిలీపట్నం దారిన పోయేవాళ్లు దిగి, నీళ్లు తాగి, తెల్లారి కదిలే చోటది. ఇప్పుడా దారిన బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.

కాళ్లకు అభ్యాసం ఇక్కడే దొరుకుతుంది. రెండు నెలల ముందు మొదలెట్టాలి. వనస్థలిపురం హరిణ వనస్థలి మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల గుర్తుగా 1975లో ఏర్పాటైంది. కృష్ణజింకల్ని చూస్తూ చదును నేల మీద నడవడానికి బాగుంటుంది. మెట్లకైతే సంఘీ గుడి కొండ. ఆఖరి ఆదివారాల్లో ఒకటి రాచకొండకు... పద్మనాయక రాజుల కోట, రాళ్ల గుట్టలు, ముళ్ల కంపలు. అసలు యాత్రలో మోయబోయే సంచినే, అంతే బరువుతో వేసుకుని ఎక్కాలి. భుజం ఎక్కడ కోస్తుందో, వేలు ఎక్కడ బొబ్బెక్కుతుందో ఆరోజే తెలిసిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ముందురోజు కొన్న బూట్లతో నల్లమల ఎక్కేవాడికి ఆ సంగతి నాగలూటిలో తెలుస్తుంది.

సంచి బరువు మన బరువులో ఐదోవంతు దాటకూడదన్నది లెక్క. అరవై కిలోల మనిషికి పన్నెండు. నీళ్లతో కలిపి ఎనిమిదికి దించగలిగితే ఇంకా సుఖం. మొదటిరోజుకు పులిహోర, తర్వాత అటుకులు, పల్లిపట్టీలు, మలిద ముద్దలు. పల్చటి దుప్పటి, టార్చి, రెండు జతల సాక్సులు, చేతికర్ర. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లోనే ఉంచండి. పాముకాటు పడితే కట్టు బిగించడం, కోయడం వద్దు. కాలు కదపకుండా మోసుకెళ్లి, విషానికి విరుగుడు ఇంజక్షనుండే ఆస్పత్రికి చేర్చాలి.

ఇంట్లోవాళ్లకూ ఓ కాగితం రాసిపెట్టాలి. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ రాత్రి ఎక్కడ, ఎన్నింటికి శ్రీశైలం చేరాలి, ఆ టైము దాటి ఎన్ని గంటలకు కంగారుపడాలి, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి. అడవిలో సిగ్నల్ ఉండదని ముందే చెబితే అమ్మ మొదటి రాత్రే గుండె పట్టుకు కూర్చోదు.

వెళ్లేటప్పుడు ఎల్‌బీనగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్, అక్కణ్నుంచి కర్నూలు, ఆత్మకూరు. తిరుగు ప్రయాణంలో ఒక జాగ్రత్త. శ్రీశైలం చేరాల్సిన రోజు సాయంత్రానికే బస్సు టికెట్ తీసుకోవద్దు. ఆ సీటు కోసం తొందరపడితే, ఆగాల్సిన చోట ఆగకుండా భీముని కొలను మెట్లు మిట్టమధ్యాహ్నం ఎక్కాల్సొస్తుంది. మన్ననూరు దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను ఎలాగూ వదలరు. మర్నాటి ఉదయం బస్సుకు రిజర్వు చేసుకుని, ఆ రాత్రి మల్లన్న ముంగిట కాళ్లు చాపుకోండి.