మునిర్కా స్టాపు చెప్పిన మాట

ఈ సంచిక మాటల్లేని సంభాషణల గురించి. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీలోని మునిర్కా స్టాపులో తర్వాత అందరూ ‘నిర్భయ’ అని పిలిచిన యువతి బస్సెక్కింది. ఆ బస్సులోనే సామూహిక అత్యాచారానికి గురై, 29న సింగపూర్ ఆసుపత్రిలో కన్నుమూసింది. అసలు పేరైనా తెలియని ఆమె కోసం జనం ఆ స్టాపు దగ్గర పూలు పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు. ఆ దీపాలు ఏమడుగుతున్నాయో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ ఘటన తర్వాత చట్టంలో మార్పులు సూచించడానికి వేసిన జస్టిస్ వర్మ కమిటీకి 80 వేలకు పైగా సూచనలు అందాయి. 29 రోజుల్లో నివేదిక సిద్ధమైంది. 2013లో చట్టం మారింది. ఆడవాళ్ల వెంటపడి వేధించడం, వాళ్లను చాటుగా చూడడం విడిగా నేరాలయ్యాయి. పెదవి కదపకుండా చేసే హింసనూ చట్టం గుర్తించింది.

బస్సులో పక్క సీటు అమ్మాయి ముడుచుకు కూర్చుంటే, అదీ ఒక పిలుపే. అర్థం చేసుకోండి, ఆ తర్వాత మాత్రం నోరు విప్పండి.

– సంపాదకుడు