డంపర్ దిగినా కుదుపులేనా?

రామగుండం ఓపెన్‌కాస్టుల్లో డంపర్ నడిపేవారికి నడుంనొప్పి కొత్త కాదు. షిఫ్టంతా కుదుపులే. డ్యూటీ దిగి బైకెక్కితే... మళ్లీ అదే వరస! గుంత వచ్చినప్పుడల్లా వెన్ను అదురుతుంది. వెనక భార్యాపిల్లలుంటే భయం కూడా. తప్పంతా రోడ్డుదే అనుకుంటాం. ఒక్కోసారి అది షాక్‌అబ్జార్బర్లది!

ఓ చిన్న పరీక్ష. స్టాండు తీసి, వెనక సీటును గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి నిలిస్తే మంచిదే. రెండు మూడుసార్లు ఊగినా, రాడ్ మీద ఆయిల్ చెమ్మ కనిపించినా దాని పని అయిపోయినట్టే. కుదుపును మింగేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగిపోకుండా పట్టి ఉంచేది లోపలి ఆయిల్. అది కారిపోతే చక్రం రోడ్డును సరిగా అంటుకోదు. బ్రేకు వేసినా అనుకున్నచోట బండి ఆగదు.

కొత్తవి కొనేముందు స్ప్రింగ్ దగ్గరుండే మెట్లు చూడండి. ఒంటరి ప్రయాణానికి కింది మెట్టు, బరువుంటే పై మెట్టు. ఎప్పుడూ ఒక్కరే వెళ్తూ చివరి మెట్టున పెడితే నడుముకు దెబ్బే! రెండువైపులా ఒకే మెట్టు ఉండాలి.

మార్చక తప్పదంటే గ్యాస్ రకం చూడొచ్చు. ఇందులో నైట్రోజన్ ఒత్తిడి వల్ల ఆయిల్ నురగెత్తదు. గనిలోని పెద్ద డంపర్ల సస్పెన్షన్లోనూ ఉండేవి నైట్రోజన్, ఆయిలే! అయితే రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం పాతదానితో సమానంగా ఉండాలి. పొడవైతే బండి వెనక లేచి హ్యాండిల్ తీరు మారుతుంది. పొట్టిదైతే బరువుకు టైరు మడ్‌గార్డుకు తగులుతుంది.

రెండు షాక్‌అబ్జార్బర్లున్న బైకుకైతే బిగింపు ఇంట్లోనే చేసుకోవచ్చు. చదును నేలపై సెంటర్ స్టాండ్ వేయాలి. రెండూ ఒకేసారి విప్పొద్దు. ఒకటి విప్పి, కొత్తది బిగించాకే రెండోది. అప్పటిదాకా చక్రాన్ని పట్టుకునేది అదే. ఒక్కటే పాడైనా జతగానే మార్చాలి. వాషర్లు పాత వరసలోనే వేయాలి. చివర్లో చైన్ బిగువు చూసి, వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపి, నట్లు మళ్లీ తనిఖీ చేయాలి. గ్యాస్ ఉన్నదాన్ని మాత్రం విప్పే ప్రయత్నం చేయొద్దు. సీటు కింద ఒక్కటే ఉండే మోనోషాక్ అయితే మెకానిక్‌కు అప్పగించడమే మేలు.

గనిలో కుదుపులు ఎటూ తప్పవు. ఇంటిదారిలోనైనా నడుముకు కాస్త విశ్రాంతి ఇద్దాం!