సెగరోగమునకు తోవలో దొరకిన టీకా

2025 ఆగస్టు మొదలుకొని ఇంగ్లండు దేశమున, సెగరోగము (గనేరియా) సోకు అవకాశ మధికముగా నున్న పురుషులకు, ముఖ్యముగా స్వలింగ, ద్విలింగ సంపర్కులకు, ప్రభుత్వ వ్యయముతో టీకా వేయుచున్నారు. ఆ టీకా ఈ రోగముకొరకు పుట్టినది కాదు. పసిబిడ్డల మెదడు పొరలకు వాపు తెచ్చు మెనింజోకాకస్ బి క్రిమిని అడ్డుటకై చేయబడినది. సెగనుండి అది కల్పించు రక్షణ నూటికి 33 మొదలు 42 పాళ్లని అంచనా.

ఇంత స్వల్పఫలమున కొక ప్రభుత్వము పూనుకొనుటకు హేతువు ఔషధముల దుఃస్థితియే. 1879లో నైసర్ అను వైద్యుడు గుర్తించిన ఈ క్రిమి, సల్ఫా మందులను, పెన్సిలిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను, ఫ్లోరోక్వినలోన్లను వరుసగా జీర్ణించుకొనగా, నమ్మదగినదిగా నేడు సెఫ్‌ట్రయాక్సోన్ సూదిమందు ప్రధానముగా మిగిలినది. దానిని లెక్కచేయని జాతులును అక్కడక్కడ బయల్పడినవి. 2020లో లోకమున 8 కోట్ల 20 లక్షలమందికి ఈ రోగము క్రొత్తగా సోకినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

టీకా చేయుట కష్టమగుటకు మూలము క్రిమి స్వభావముననే యున్నది. ఒకమారు సోకి నయమైనవానికి అదే రోగము మరల సోకును. అనగా, ప్రకృతి మనకు అనుకరణీయమైన మాదిరి నియ్యలేదు. క్రిమి తన దేహముపైనున్న నూలుపోగులవంటి కేశములతో కణజాలమును పట్టుకొనును గాని, వాని రూపమును ఎడతెగక మార్చుచుండును. ఆ కేశములతోనే చేసిన టీకాను కొరియాలోని అమెరికా సైనికులపై పరీక్షింపగా, ప్రతిరక్షకములు పుట్టినవి కాని రోగ మాగలేదు.

ఇట్లుండగా ఆశ న్యూజీలాండునుండి వచ్చినది. అచ్చట 2004 నుండి కొన్నియేండ్లు, మెనింజోకాకస్ బి ఉపద్రవము నణచుటకై, క్రిమి వెలిపొరనుండి తీసిన సూక్ష్మకోశములతో సిద్ధమైన టీకాను పదిలక్షలమందికి, ఇరువదియేండ్ల లోపువారికి, వేసిరి. అనంతరము 11 సుఖవ్యాధి క్లినిక్కుల చిట్టాలను జాతీయ టీకా చిట్టాతో జతపరచి చూచిరి. సెగ సోకినవారిని ఆరోగ్యవంతులతో పోల్చిన జీవనవిధాన భేదము లెక్కను చెఱచునని, మరియొక సుఖవ్యాధియైన క్లమీడియా సోకినవారితో పోల్చిరి. ఈ యుపాయమే ఆ పరిశోధనకు ప్రాణమని నా యభిప్రాయము. టీకా పొందినవారిలో సెగ నూటికి 31 పాళ్లు తగ్గినదని 2017లో లాన్సెట్ ప్రకటించినది. సెగ క్రిమియు, మెనింజోకాకసును దాయాదులు. వెలిపొర మాంసకృత్తులలో సామ్యము విశేషముగా నున్నది.

ఐనను చిట్టాలలోని సాక్ష్యము వేఱు, పరీక్షలోని సాక్ష్యము వేఱు. ఇంగ్లండు వాడుచున్న టీకాతోనే ఫ్రాన్సులో జరిగిన డాక్సీవ్యాక్ పరీక్ష 2023లో తొలుత సగపాలు రక్షణ కనబడినదని చెప్పి, తుదిలెక్కలో ఆ మాటను నిలుపుకొనలేక పోయినది. ఇంగ్లండువారి నిర్ణయము సాహసమే కాని, అవివేకము కాదు.

సవాయి (సిఫిలిస్) టీకా విషయ మింతకన్న వెనుకబడినది. 1973లో మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు, గామాకిరణములచే నిర్వీర్యమైన క్రిములను కుందేళ్లకు 37 వారములలో 60 మారులు ఎక్కించి పూర్ణరక్షణ సాధించెను. మనుష్యు డెవడు అఱువది సూదులు పొడిపించుకొనును? ఆ క్రిమిని ప్రయోగశాలలో నిరంతరముగా పెంచుటయే 2018 వఱకు సాధ్యపడలేదు. క్లమీడియా టీకా మనుష్యులపై తొలిమెట్టు పరీక్షను మాత్రము దాటినది.

మనదేశమున న్యూజీలాండువంటి పరిశీలన జరుగుట కష్టము. ప్రభుత్వాసుపత్రులలోని సురక్షా క్లినిక్కులలో స్రావముతో వచ్చినవానికి పెక్కుసారులు ప్రయోగశాల పరీక్ష లేకయే, లక్షణమునుబట్టి బూడిదరంగు పొట్లము చేతికిత్తురు. అందు అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ మాత్రలుండును. రోగికి ఉపశమన మా దినముననే మొదలగును, అది మేలే. కాని చిట్టాలో నెక్కునది స్రావమేగాని, సెగయో క్లమీడియాయో తెలియదు. రేపు టీకా చౌకగా దొరకినను, దాని గుణమును కొలుచుట కా చిట్టాలు పనికిరావు.